కోతపండుగ బల్ల మీద ర్యామ్

నా పేరు హెప్సిబా. కంగారు నాకు పుట్టుకతో వచ్చింది, కోపం పెళ్ళయ్యాక వచ్చింది. ఆ రెండూ కలిసి నా చేత ఎంత పని చేయించాయో చెబుతాను వినండి. తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను కాబట్టి మధ్యలో ఎవరూ నన్ను తిట్టనక్కర్లేదు. ఆ పని మా ఆయన ఇప్పటికే కావలసినంత చేశారు.

మాది చల్లపల్లికి రెండు మైళ్ళ దూరంలో చిన్న ఊరు. మా ఆయన ఏసుపాదం మూడెకరాలు కౌలుకి చేస్తారు. నేను అంగన్‌వాడీలో పని చేస్తాను. మాకు ఒక్కతే కూతురు, శాలిని. ఇంజనీరింగ్ చదివి ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆ కాలేజీ మూతపడ్డాక పద్నాలుగు నెలలు ఇంట్లోనే ఉండిపోయింది. మొదట ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టింది, తరవాత పెట్టడం మానేసింది, ఆ తరవాత గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. చర్చిలో క్వయర్ మొదటి వరసలో నిలబడి గొంతెత్తి పాడే పిల్ల. అలాంటిది, వెనక కిటికీ దగ్గర వచ్చి కూర్చోవే అని బతిమాలుకోవలసి వచ్చింది. అన్నం పళ్ళెం గుమ్మం బయట పెట్టమనేది. గంట తరవాత వెళ్ళి చూస్తే సగం అన్నం అలాగే ఉండేది. కన్నకూతురి తలుపు కొట్టడానికి భయపడ్డ రోజులు నాకు తెలుసు. ఆ భయం ఏమిటో నేను నోటితో చెప్పను, మీకు అర్థమయ్యే ఉంటుంది.

అలాంటి పిల్లకి హైదరాబాదు కంపెనీ ఒకటి పని ఇచ్చి చూస్తామంది. కట్టబోయే అపార్ట్‌మెంట్లని కట్టేసినట్టే కంప్యూటర్లో చూపించే పని, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఒక బిల్డింగు వీడియో తయారుచేసి సోమవారం పొద్దున పదింటికల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం. మూడు వారాలుగా దాని మీదే కూర్చుంది. తలుపు తీసి ఉండేది, మధ్యమధ్యలో "అమ్మా, టీ" అని అరిచేది. ఆ అరుపు కోసమే నేను స్టవ్ దగ్గర నిలబడేదాన్ని.

శుక్రవారం పొద్దున గదిలోంచి బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ర్యామ్ పోయింది."

నాకేం తెలుసు? ఏదో వైరు పోయిందేమో, మార్పిద్దాంలే అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ర్యామ్ అంటే వేలెడంత బద్ద. కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ ఆ పనంతా దాని మీదే పరుచుకుంటుంది. రెండు బద్దల్లో పెద్దది పోయింది. మిగిలిన చిన్నదానితో ఆ ఫైలు తెరుచుకోదు. ఫైలు పూర్తయినా, దాన్ని వీడియోగా మార్చడానికి మిషన్ పదహారు గంటలు ఆగకుండా తిరగాలి. అంటే ఆదివారం సాయంత్రం ఆరింటికి మొదలెట్టకపోతే సోమవారం పదింటికి అందదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే పదిరోజులంటున్నారు.

శనివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళం విజయవాడ బస్సెక్కాం. చీటీ డబ్బులు పదిహేడు వేలు జాకెట్లో పెట్టుకున్నాను. ఆరు షాపులు ఎక్కి దిగాం. ఆరింట్లోనూ ఒకటే మాట, స్టాకు లేదమ్మా. ఆరో షాపాయన కాస్త మంచివాడు. "వన్ టౌన్‌లో జాన్సన్ గారని ఉన్నారండీ. ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటయ్యి. రేటు మాత్రం నన్నడక్కండి" అన్నాడు.

జాన్సన్ అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. మా చర్చి జాన్సనే! సంపూర్ణమ్మ పిన్ని కొడుకు. నన్ను అక్కా అని పిలుస్తాడు. చర్చికి మైకు సెట్టు కొనిచ్చింది కూడా వాడే. దేవుడే దారి చూపించాడనుకుని ఆటో ఎక్కి వన్ టౌన్‌లో దిగాం. స్టీలు సామాన్ల షాపులకీ బట్టల మూటలకీ మధ్య సందులో ఉంది వాడి గోడౌను. లోపల గోడ పొడవునా, నేల నుంచి పైకప్పు దాకా డబ్బాలు. ఒక్కటీ తెరిచింది లేదు. శాలిని వాటిని చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హెప్సీ అక్కా! ఏంటిలా వచ్చావు? కూర్చో, టీ చెప్పనా?" అన్నాడు జాన్సన్.

"టీ వద్దురా తమ్ముడూ, పిల్లకి ర్యామ్ కావాలి" అన్నాను.

శాలిని ఏది కావాలో చెప్పింది. జాన్సన్ ఫోను చూసుకున్నాడు. "బయట నలభై రెండు నడుస్తోంది. నువ్వు కాబట్టి ముప్పై ఎనిమిది వేలకిస్తా."

నా మూడు నెలల జీతం కలిపినా అంత కాదు.

"మూడు నెలల కింద తొమ్మిది వేలే కదా మావయ్యా?" అంది శాలిని.

"అప్పటి సంగతి ఇప్పుడెందుకమ్మా? ఏఐ కంపెనీలు మొత్తం ఎత్తుకుపోతున్నయ్యి. ఫ్యాక్టరీల నుంచే రావట్లా."

"రాకపోతే ఈ గోడంతా ఏంట్రా?" అన్నాను నేను. గొంతు కాస్త లేచింది. "వచ్చిన నాలుగూ నీ గోడకే వచ్చి ఆనుకున్నయ్యా?"

వాడికి కోపం రాలేదు. వస్తే బావుండేది. "దొంగతనం చేశానా అక్కా? అడిగినంత ఇచ్చి కొనుక్కున్నాను. నాకు నచ్చినప్పుడు అమ్ముకుంటాను. వచ్చే నెలకి యాభై అయిద్ది. కావాలంటే ఇప్పుడే తీసుకో" అన్నాడు, తమలపాకులు అమ్మేవాడంత నెమ్మదిగా.

"నీ గోడ కూలిపోను!" అని బయటికి వచ్చేశాను. వచ్చాక నాలిక కరుచుకున్నాను. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ పిన్ని నాకు తల్లి లాంటిది. నా పెళ్ళి జాకెట్టు నుంచి శాలిని బారసాల గౌను దాకా అన్నీ ఆమె కుట్టినవే. రోడ్డు మీద శాలిని చెప్పింది. షాపులవాళ్ళు మనిషికి ఒకటే అని రూలు పెడితే, జాన్సన్ కూలికి పాతికమందిని తెచ్చి లైన్లో నిలబెట్టి మొత్తం కొనిపించేస్తాడట. ఇది ఊళ్ళో కంప్యూటర్లు వాడే వాళ్ళందరికీ తెలుసట. తెలియంది మాకూ, మా చర్చికే.

"ఇలాంటి వాళ్ళ దగ్గర కొనకూడదని మేమంతా ఒక గ్రూపు పెట్టుకున్నామమ్మా. ఎక్కడ సరైన రేటుకి దొరికితే అక్కడ పెడతాం" అంటూ ఫోను చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది. గవర్నర్‌పేటలో చక్రి అనే ఆయన షాపులో మూడు ఉన్నాయట. పరిగెత్తాం. నా మోకాళ్ళు నన్ను ఎన్ని తిట్టుకున్నాయో.

మేడ మీద ఇరుకు షాపు. కౌంటరు వెనక చేత్తో రాసిన బోర్డు: "మనిషికి ఒకటి. మిషన్ తప్పక తేవలెను. సీలు ఇక్కడనే చింపబడును." చక్రి ముప్పై ఏళ్ళ మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు.

"ధర పద్నాలుగు వేలండీ. నేను కొన్నదాని మీద ఐదొందలు వేసుకున్నా. మిషనేదీ?"

"చల్లపల్లిలో ఉందండీ" అంది శాలిని.

చక్రి తల అడ్డంగా ఊపాడు. "ఏమనుకోకండి. సీలుతో ఇస్తే సాయంత్రానికల్లా వన్ టౌన్‌లో తేలుతున్నయ్యి. అందుకే డబ్బా ఇక్కడే కోసి, దాని మీద కొన్నవాళ్ళ పేరు మార్కరుతో రాసి, మిషన్లో పెట్టి పంపిస్తున్నా. కోసిందాన్ని ఆ బేరగాళ్ళు ముట్టుకోరు."

"పోనీ మాది కూడా కోసివ్వండి" అన్నాను.

"కోశాక మీ మిషన్‌కి సరిపోకపోతే వెనక్కి తీసుకోవడం కుదరదండీ. అందుకే మిషన్ తెమ్మనేది."

శాలిని ఫోన్లో తన బిల్డింగు బొమ్మలు తీసి చూపించింది. కంపెనీ వాళ్ళ మెయిలు చూపించింది. చక్రి ఆ బొమ్మలు చాలాసేపు చూశాడు. చివరికి సీలుతోనే ఒక డబ్బా తీసి ఇచ్చాడు. "ఇంటికెళ్ళగానే కోసి, పేరు రాసి, ఫోటో పంపండి. ఇవాళే. మిమ్మల్ని నమ్మి ఇస్తున్నా. మీరు పంపకపోతే ఇంక మిషన్ లేకుండా వచ్చినోళ్ళెవరికీ ఇవ్వను" అన్నాడు.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఇక్కడి నుంచి నా నిర్వాకం.

సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాం. శాలిని చెప్పులు కూడా విడవకుండా కత్తి తీసుకుంది. నేను డబ్బా లాక్కున్నాను. మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా, సైకిలు గానీ సెల్‌ఫోను గానీ, చర్చి అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే వాడతాం. ఆ కంప్యూటరు కొన్నప్పుడు మాత్రం శాలిని ఆగలేదు, తెచ్చిన గంటలో మొదలుపెట్టేసింది. అందుకే పోయిందని నా మనసులో గట్టిగా నాటుకుపోయింది.

"రేపు కోతపండుగ. అయ్యగారి చేత ప్రార్థన చేయించి, పన్నెండింటికి నీ చేతిలో పెడతాను. ఈ ఒక్కసారి నా మాట విను" అన్నాను.

"అమ్మా, చక్రి గారికి ఇవాళే ఫోటో పంపాలి."

"ఒక్కపూటలో ఏం మునిగిపోయిద్ది?"

పిల్ల నా ముఖం చూసి కత్తి పక్కన పెట్టేసింది. ఎనిమిదింటికి చక్రి ఫోను చేశాడు. రేపు పంపుతామని శాలిని చెబుతుంటే ఆయన "సరేలెండి" అన్న తీరు నాకు ఇవతలికి వినబడింది. మేము కూడా వన్ టౌన్ బాపతే అనుకున్నాడు. శాలిని ఫోను పెట్టేసి గదిలోకి వెళ్ళింది. తలుపు పడింది.

ఆదివారం కోతపండుగ. మొదటి పంట దేవుడికిచ్చే రోజు. కొత్త బియ్యం, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు అన్నీ తెచ్చి ముందున్న బల్ల మీద పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, డబ్బు చర్చికి. ఆ వేలం మాకు పెద్ద సరదా. కోడిగుడ్డు పాడుకున్నవాళ్ళు దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేస్తారు, మళ్ళీ పాడతారు. ఒకే గుడ్డు రెండు వేలు పలికిన సంవత్సరం ఉంది. ధర పెరిగినకొద్దీ చప్పట్లు. మా దగ్గర ఆ రోజు ఎక్కువకి కొన్నవాడే గొప్పవాడు. మొదటి గుమ్మడికాయ ప్రతి ఏడూ జాన్సన్‌దే.

నేను ర్యామ్ డబ్బాని కొత్త బియ్యం బుట్టలో, పైనే పెట్టాను. అయ్యగారు బుట్ట మీద చెయ్యి పెట్టినప్పుడు రెండిటికీ కలిపి ప్రార్థన అయిపోతుందని నా తెలివి. తరవాత డబ్బా తీసేసుకుని బుట్టని మాత్రం బల్ల మీదికి పంపుదామనుకున్నాను. ఇంతలో విస్తరాకులు తక్కువొచ్చాయని వంటల దగ్గర్నుంచి కేకేశారు. వెళ్ళి వచ్చేసరికి బుట్ట నా పక్కన లేదు. మా ఆయన వరసలో వెళ్ళి ఎంతో భక్తిగా దాన్ని బల్ల మీద పెట్టేసి వస్తున్నారు.

"డబ్బా తీశారా?" అన్నాను.

"నువ్వే కదా పెట్టావు? కానుకనుకున్నా" అన్నారు.

అప్పటికే అయ్యగారు చేతులు చాపి బల్ల మీదున్న వాటన్నిటినీ దేవుడికి అప్పగించేశారు. వెనక కిటికీ దగ్గర కూర్చున్న శాలిని వైపు తల తిప్పాను. చూసింది. మొత్తం చూసింది. ఏడవలేదు, కోప్పడలేదు. తల వంచుకుంది, అంతే. ఆ తల వంచుకోవడం పద్నాలుగు నెలలు చూశాను నేను. మళ్ళీ చూడలేను.

ఆరాధన అయ్యీ అవగానే అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పాపం నొచ్చుకున్నారు. "నాకు ఇవ్వాలనే ఉందమ్మా. పెద్దల్ని అడగాలి" అన్నారు. పెద్దల్లో పెద్ద మరియదాసు మావయ్య. వేలం వేసేది ఆయనే.

"బల్ల ఎక్కింది వెనక్కి రాదు హెప్సీ. పోయినేడు మేకపిల్లని వెనక్కిచ్చి ఎంత గొడవైందో మర్చిపోయావా? పాట పాడి తీసుకో. నీ వస్తువుకి నీతో పోటీ ఎవరొస్తారు?" అన్నారు.

ఎవరొస్తారో నాకు తెలుసు. మగవాళ్ళ వైపు ముందు వరసలో, తెల్ల చొక్కాలో జాన్సన్ కూర్చుని ఉన్నాడు. ఈసారి వాడు గుమ్మడికాయ వైపు చూడటం లేదు.

వేలం ఒంటిగంటకి మొదలైంది. కోళ్ళు అయ్యాయి, కొబ్బరికాయలు అయ్యాయి, గుడ్డు నాలుగుసార్లు తిరిగింది. రెండయింది. ఒక్కో చప్పట్ల మోతకీ నేను గడియారం చూసుకుంటున్నాను. నా పక్కన చాప మీద సంపూర్ణమ్మ పిన్ని ఎప్పటిలాగే సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె సంచిలో పాటల పుస్తకం, కళ్ళజోడు, చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటాయి. ఎవరి బట్టకైనా దారం వేలాడుతుంటే ఆరాధన మధ్యలోనైనా కత్తిరించేస్తుంది. "ఏమే, ఒళ్ళు బాలేదా? చేతులు మంచుముద్దలయినయ్యి" అంది నా చెయ్యి పట్టుకుని. నీ కొడుకు మూలంగా పిన్నీ, అని ఎలా అనను?

రెండున్నరకి మరియదాసు మావయ్య డబ్బా పైకెత్తారు. "ఇదేదో కంప్యూటరు సామానంట! మొదటి పాట వంద!"

"రెండొందలు" అన్నాను లేచి. అందరూ నవ్వారు.

"రెండు వేలు" అన్నాడు జాన్సన్.

చప్పట్లు! ఎవరో స్తోత్రం అన్నారు. వాళ్ళకేం తెలుసు, అది దేవుడి మీద ప్రేమనుకున్నారు. నా పర్సులో మిగిలింది రెండు వేల ఐదొందలు. అదే అన్నాను.

"ఐదు వేలు" అన్నాడు జాన్సన్. నా వైపు తిరిగి, "దేవుడి పనికే కదక్కా" అని కూడా అన్నాడు. మళ్ళీ చప్పట్లు. సంపూర్ణమ్మ పిన్ని కూడా కొట్టింది, కొడుకు గొప్పకి మురిసిపోతూ.

ముప్పై ఎనిమిది వేల సరుకు ఐదు వేలకి కొట్టేస్తూ, దాన్ని కానుక అంటున్నాడు. నోటికొచ్చింది తిట్టబోయాను. నోరు తెరిచాను కూడా. జీవితంలో మొదటిసారి నాకు తిట్టు దొరకలేదు.

అప్పుడు వెనక నుంచి ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ శాలిని వచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఒక్కసారి ఇవ్వండి తాతయ్యా" అని మరియదాసు మావయ్య చేతిలోంచి డబ్బా తీసుకుంది. గోళ్ళతో అంచు పట్టుకుని లాగింది. గట్టి ప్లాస్టిక్కు, ఊడిరాలేదు. రెండోసారి లాగింది. వేలి నుంచి నెత్తురొచ్చింది.

"చేత్తో రాదమ్మా అది, ఇదుగో" అంటూ సంపూర్ణమ్మ పిన్ని సంచిలోంచి కత్తెర తీసి ముందుకు చాపింది. వేలాడే దారం చూస్తే ఎలా ఇస్తుందో అలాగే ఇచ్చింది.

శాలిని డబ్బాని అడ్డంగా కోసేసింది. చర్చిలో ఆ చప్పుడొక్కటే. లెక్కలు రాసే ఆయన దగ్గర పెన్ను అడిగి, అట్ట మీద పెద్ద అక్షరాలతో శాలిని అని రాసింది. రాసి, బల్ల మీద ఉన్నచోటే తిరిగి పెట్టింది.

"ఇప్పుడు పాడండి మావయ్యా" అంది జాన్సన్ వైపు తిరిగి. చిన్నగానే అంది. పద్నాలుగు నెలల తరవాత చర్చిలో ఆ పిల్ల గొంతు వినబడటం అదే మొదలు. చివరి వరస దాకా వినబడింది.

జాన్సన్ ముఖం మాడింది. "ఇదేం పద్ధతమ్మా? పాట జరుగుతుంటే కోసేస్తావా? కోసేశాక నాకెందుకది?"

"కోస్తే ఏమైందిరా?" అంది సంపూర్ణమ్మ పిన్ని. ఆమెకి నిజంగానే తెలియక అడిగింది. "లోపల సామాను చెడిపోయిందా?"

"చెడిపోలేదమ్మా. అది కాదు..."

"మరి? కొయ్యకుండా దాన్నేం చేసుకుంటావు?"

చర్చిలో చప్పట్లు కొట్టినవాళ్ళంతా జాన్సన్ వైపు చూస్తున్నారు. ఆ చూపులు తట్టుకోలేక వాడు లేచి, "నా పాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. మా చర్చిలో దేవుడి ముందు పాడిన పాట వెనక్కి తీసుకోవడం నా నలభై ఎనిమిదేళ్ళలో చూడలేదు. మరియదాసు మావయ్యకి కూడా ఏం చెయ్యాలో తోచలేదు. డబ్బా మళ్ళీ పైకెత్తి, "హెప్సిబా పాట, రెండు వేల ఐదొందలు. ఒకటోసారి" అన్నారు. ఆ చర్చిలో రెండొందల మందిమి. ఒక్కరు నోరెత్తలేదు. రెండోసారి. ఎవరిదో కోడి అరిచింది. మూడోసారి.

నేను ఏడుస్తూ వెళ్ళి తీసుకోబోయాను. శాలిని అడ్డం వచ్చింది. "అయ్యగారూ, మావయ్య వదిలేసిన దానికీ అమ్మ ఇచ్చినదానికీ తేడా వల్ల చర్చికి నష్టం రాకూడదు. నా మొదటి జీతంలోంచి ఆ తేడా నేనిస్తాను" అంది.

ఏ జీతం! ఇంకా ఉద్యోగమే రాలేదు కదే పిచ్చితల్లీ! బల్ల ముందు నిలబడి మాటిచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి మూడుంపావు. బద్ద బిగించి స్విచ్చి వేసినప్పుడు నేను గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఫ్యాను తిరిగిన చప్పుడైంది. ఆ తరవాత "అమ్మా, టీ" అన్న అరుపు వినబడింది. ఐదున్నరకి వీడియో పని మొదలైంది. అప్పుడు కోసిన డబ్బాకి ఫోటో తీసి చక్రికి పంపింది. ఆయన నుంచి వెంటనే జవాబు వచ్చింది. "థాంక్సండీ. ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన మిషన్ లేకుండా వచ్చి అడుగుతున్నారు. రేపు ఇచ్చేస్తా."

మర్నాడు పది దాకా నేను కరెంటు పోకూడదని చేసిన ప్రార్థనలు లెక్కపెడితే ఒక పుస్తకం అవుతుంది. తొమ్మిది నలభైకి ఫైలు వెళ్ళింది. గురువారం మధ్యాహ్నం మెయిలు వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. శాలిని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, వయసు కూడా చూడకుండా.

సాయంత్రం గిన్నెలో పంచదార వేసుకుని పిన్ని ఇంటికే మొదట బయల్దేరాను. అక్కర్లేకపోయింది, ఆమే వచ్చి మా అరుగు మీద కూర్చుని ఉంది. నాలుగు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టు కనిపించింది.

"హెప్సీ, నిజం చెప్పు. వాడి గోడౌనుకి వెళ్ళావంటగా. కొయ్యకుండా ఎన్ని పెట్టుకున్నాడు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె కళ్ళు చూశాక చెప్పలేకపోయాను. "గోడంతా పిన్నీ. కింద నుంచి పైదాకా."

"ఒక్కోదానికీ ఒక్కో పిల్ల ఉంటదా? మన శాలిని లాగా?"

"ఉంటది పిన్నీ."

పంచదార గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. పిన్ని లేచి చీర దులుపుకుంది.

"రేపు పొద్దున బస్సుకి నన్ను తీసుకెళ్ళు. వాడికి చెప్పబాకు. గోడ చూపించు చాలు, కత్తెర నేను తెచ్చుకుంటా."

శుక్రవారం పొద్దున ఏడింటి బస్సెక్కాం. పిన్నిని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఈసారి సంచిలో చిన్న కత్తెర కాదు, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర ఉంది.